మీకు తెలుసా? యాడ్స్ కోసేసిన సీరియల్ సంగతులు

● కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకి 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు. అందులో 10 సరుకులవి, 2 ఛానెల్ సొంత డప్పు. అన్ని ఛానెళ్లూ దీన్ని పాటిస్తాయా అంటే, చేతికి గడియారం ఉన్నవాళ్లెవరైనా జవాబు చెప్తారు. పాటించారనే అనుకుందాం. అరగంట సీరియల్లో కథ 24 నిమిషాలే. సీరియల్ని రికార్డు చేసి వీసీడీకి ఎక్కించుకునే రోజుల్లో, అందులో పట్టేది 74 నిమిషాలు. యాడ్స్‌తో ఎక్కిస్తే రెండు ఎపిసోడ్లు, కోసేస్తే మూడు, పైగా రెండు నిమిషాలు మిగులు. మామూలు నాణ్యతతో రెండు గంటలు పట్టే డీవీడీలోనైతే నాలుగు పట్టేచోట ఐదు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పని దిగి ఇల్లు చేరేలోపు సీరియల్ అయిపోయే మనిషికి ఇది చిన్న లాభం కాదు.

● ఎంత జాగ్రత్తగా కోసినా చివర్లో ఒక్క క్షణం సబ్బు నురగ మిగిలిపోతుంది. ఎందుకంటే మన టీవీ బొమ్మ సెకనుకి 25 ఫ్రేములు. 30 సెకన్ల యాడ్‌లో 750. డిస్కులో అవన్నీ నిండుగా ఉండవు. సుమారు డజనుకో పదిహేనుకో ఒకటే పూర్తి బొమ్మ, మిగతావాటిలో ఉండేది ముందువెనకల బొమ్మలతో తేడాలే. వీడియోని మళ్లీ మొదటి నుంచి తయారు చేయకుండా కోయాలంటే కత్తెర ఆ నిండు బొమ్మ దగ్గరే పడాలి. అటో ఇటో అర సెకను తప్పదు. చేయి తిరిగినవాడు ఆ అర సెకను యాడ్ ముక్కనే ఉంచేస్తాడు. కోడలి ఆఖరి డైలాగు సగంలో తెగితే ఇంట్లో ఊరుకుంటారా?

● యాడ్స్‌ని తనంతట తానే పసిగట్టే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. తెర నల్లబడటం, శబ్దం ఆగడం, మూలనున్న ఛానెల్ లోగో మాయం కావడం వాటికి ఆనవాళ్లు. వాటికైనా మనిషికైనా లొంగనిది ఒకటుంది: బొమ్మని ఓ మూలకి నెట్టి, పక్కనా కిందా ఎల్ ఆకారంలో వచ్చే ప్రకటన. దాన్ని కోస్తే కార్యక్రమం కూడా పోతుంది.

● ఇంట్లో రికార్డు చేసుకోవడం దొంగతనమేనా? అమెరికాలో సోనీ బీటామ్యాక్స్ వీడియో రికార్డరు మీద సినిమా కంపెనీలు కోర్టుకెక్కితే, 1984 జనవరి 17న సుప్రీంకోర్టు 5-4 తేడాతో సోనీ పక్షాన తీర్పిచ్చింది. తర్వాత తీరిగ్గా చూడటానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదంది. మన కాపీరైట్ చట్టం (1957) 39వ సెక్షన్ కూడా సొంత వాడకానికి చేసుకునే రికార్డింగు ప్రసార హక్కుకి భంగం కాదంటుంది. అదే డిస్కుని టెక్కలి బస్టాండులో అమ్మితే మాత్రం కథ వేరు.

● కేబుల్ డిజిటల్ మార్పులో పల్లెల విడతకి గడువు 2017 మార్చి 31. అప్పటిదాకా కంప్యూటర్లో టీవీ ట్యూనర్ కార్డు పెట్టి, కేబుల్ వైరు గుచ్చితే చాలు, ఏ ఛానెలైనా ఎక్కేది. తర్వాత సెట్‌టాప్ బాక్సు వెనక ఎరుపు, తెలుపు, పసుపు వైర్లే దిక్కు. బాక్సులో పెట్టిన ఛానెలే ఎక్కుతుంది.

● 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, రోజుల తరబడి కరెంటు లేదు. బయటివాళ్లు టీవీలో ఉద్దానాన్ని చూస్తుంటే, చీకట్లో ఉన్న ఊళ్లకి ఆ వార్తలు చూసే దారే లేదు. బయట ఊళ్లో బంధువెవరైనా రికార్డు చేసి ఉంచితే తర్వాత చూడగలిగేవాళ్లు.

● ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే ఆవిడ 1970ల చివరి నుంచి 2012లో చనిపోయేదాకా టీవీని రాత్రింబవళ్లు రికార్డు చేశారు. దాదాపు 70 వేల టేపులు! యాడ్స్‌తో సహా. అవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. మన లోకల్ కేబుల్లో సినిమా మధ్య వచ్చే బట్టల కొట్టు, ట్యూషన్ సెంటర్ ప్రకటనలు అలా ఎవరు దాచారు? మనం ముందుగా కోసి పారేసేవి అవే.

● అటక మీద డీవీడీ రికార్డరుతో తీసిన డిస్కులుంటే ఒక్కసారి చూడండి. ‘ఫైనలైజ్’ చేయని డిస్కు సాధారణంగా వేరే ప్లేయర్లో ఆడదు, ఎక్కించిన మిషనే కావాలి. కాబట్టి ఆ రికార్డరుని పాత సామాన్ల బండికి వేసేముందే ఆ పని కానివ్వండి.