గాజుతొట్టెలో సముద్రము

సముద్రజలమును నాలుకపై వేసికొని చూచినవాడు అది వట్టి ఉప్పునీరనియే తలచును. ఆ నమ్మికతో కల్లుప్పును కడవెడు మంచినీట కరగించి, అందొక ప్రవాళమును విడిచినచో ఆ ప్రాణి ఎక్కువకాలము నిలువదు. ఒక కిలో సముద్రజలమునందు సుమారు 35 గ్రాముల లవణములు కలవు. అందు నూటికి 85 పాళ్లు సోడియము, క్లోరిను. మిగిలినది సల్ఫేటు, మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మొదలగునవి. ఆ నీటికి ఉప్పదనముతోపాటు చేదు అబ్బుట మెగ్నీషియపు లవణముల వలననే. ప్రవాళము తన గూడు కట్టుకొనుట కాల్షియముతోనే.

ఈ పాళ్లు సముద్రములన్నిట నించుమించు ఒక్కటే యని 1819లో అలెగ్జాండర్ మార్సెట్ సూచించెను. ఛాలెంజర్ నౌక తెచ్చిన 77 నీటి నమూనాలను పరీక్షించి విలియం డిట్మార్ 1884లో దానిని స్థిరపరచెను. ఉప్పదనము ఒకచోట హెచ్చు, ఒకచోట తగ్గు; పాళ్లు మాత్రము మారవు. ఈ సంగతియే లేకున్న సముద్రమును ఇంట కలుపుకొను యోచనకు తావే లేకపోయెడిది.

అయినను తొలినాళ్ల ప్రయాస ప్రయోగశాలలలో కాక ఇండ్లలో జరిగెను. 1846లో ఆనా థిన్ అను ఇంగ్లీషు స్త్రీ టార్క్వే తీరమున దొరకిన ప్రవాళములను లండనునకు కొనిపోయెను. తెచ్చిన నీరు చెడకుండుటకై, తెరచిన కిటికీ యెదుట దానిని ఒక పాత్రనుండి మరొక పాత్రకు ప్రతిదినము అరగంటకు తక్కువ కాకుండ పోయుచుండవలసివచ్చెను. గాలి సోకిన నీరు ఆ ప్రాణులను నిలిపెను. మరుసటియేట సముద్రపు నాచు నుంచిన పిదప శ్రమ తగ్గెను. ఆ చాకిరిలో పాలుపంచుకొన్న పనికత్తె పేరు మాత్రము వినబడదు!

1853లో లండను జంతుశాలయందు మత్స్యగృహము తెరువబడినది మొదలు ఈ వేడుక జనులలో ప్రాకెను. కాని తీరమునకు దూరమైన ఊళ్లకు సముద్రజలమును మోయించుట సామాన్యులకు అలవి గాని పని. ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు, బ్రైటన్ దగ్గరి నీటి విశ్లేషణను ఆధారము చేసికొని, 1854లో ఒక పాకమును తీర్చెను. వంట ఉప్పు మూడున్నర ఔన్సులు, భేది ఉప్పు పావు ఔన్సు, మెగ్నీషియము క్లోరైడు 200 గ్రెయినులు, పొటాషియము క్లోరైడు 40 గ్రెయినులు. వీనికి నాలుగున్నర లీటర్లకు కొంచెము తక్కువగా మంచినీరు. అత్యల్పముగా నున్న పదార్థములను ఆయన విడిచిపెట్టెను. కలిపిన వెంటనే ప్రాణులను వదలక, ముందు నాచును పెట్టి కొన్ని దినములు వేచియుండుట ఆయన చేసిన మేలైన పని. పాకముకన్న ఆ ఓపికయే ఎక్కువ ఉపకరించినదనవచ్చును.

ఈనాడు పాళ్లు కట్టిన లవణమిశ్రమము సంచులలో దొరకును. అయినను కలుపుటలో మెలకువ తప్పదు. కొళాయినీటి క్లోరిను ప్రాణులకు విషము. అందుచే శుద్ధిచేసిన నీరే వాడవలెను. నీటిలో మిశ్రమమును కొంచెము కొంచెముగా జల్లవలెనే గాని, మిశ్రమముపై నీరు పోయరాదు. గాఢత హెచ్చినచోట కాల్షియము కార్బొనేటుగా మారి తెల్లని మడ్డియై అడుగంటును. పిదప నీటిని ఒక దినము కదలించుచు, హైడ్రోమీటరు 1.025 దరిదాపున నిలుచునట్లు చూడవలెను. వెన్నెముక లేని సముద్రప్రాణులలో పెక్కింటి శరీరద్రవము చుట్టునున్న నీటి ఉప్పదనమునే అనుసరించును. నీరు ఒక్కమారుగా పలుచనైనచో అది వాని కణములలోనికి చొరబడి ఉబ్బించును.

తొట్టెలో నీరు దినదినము తగ్గుట చూచి క్రొత్తవారు మరల ఉప్పునీరే పోయుదురు. ఆవిరియైపోవునది నీరు మాత్రమే. ఉప్పు అందే నిలిచియుండును. గాజుపై ఒక గీత గీసియుంచి, తగ్గినంతమేర ఉప్పు లేని శుద్ధజలమునే నింపవలెను.