టర్బో కారులో ఏ పైపు చుట్టాలి, ఏ పైపు జోలికి వెళ్లకూడదు?

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, గాజువాక సిగ్నల్ అనుకోండి. ముందు స్టీల్ కాయిల్స్ ఎక్కించిన ట్రైలర్, పక్కన ఆర్టీసీ బస్సు, మీ కారులో ఏసీ ఫుల్లు. పది నిమిషాల తర్వాత గ్రీన్ పడింది. యాక్సిలరేటర్ తొక్కారు. కారు కదిలింది గానీ, ఉదయం బీచ్ రోడ్డులో లాగిన కారు ఇదేనా అన్న డౌట్ వస్తుంది. టర్బో పెట్రోల్ కారు ఉన్నవాళ్లందరికీ ఈ ఫీలింగ్ తెలుసు.

దీనికి మందుగా షార్ట్స్‌లో ఒకటే చూపిస్తున్నారు. బానెట్ ఎత్తు, బంగారం రంగు టేపు తీసుకో, కనిపించిన ప్రతి పైపుకీ చుట్టెయ్. చూడ్డానికి రాకెట్ లెక్క ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఆ పైపుల్లో ఒకదాన్ని చుడితే లాభం, ఇంకోదాన్ని చుడితే నష్టం, మరోదాన్ని తప్పుడు సామానుతో చుడితే బానెట్ కింద మంటలు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ తేడా గురించే.

ముందు అసలు వేడితో మనకి గొడవేంటో చూద్దాం. ఇంజిన్‌కి కావాల్సింది ఆక్సిజన్. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 35 డిగ్రీల గాలి ఇంజిన్‌లోకి వెళ్లే టైమ్‌కి 60 డిగ్రీలైతే, అదే ప్రెషర్ దగ్గర సుమారు ఏడున్నర శాతం గాలి తక్కువ దొరుకుతుంది. అంతేకాదు, వేడి గాలితో పెట్రోల్ ఇంజిన్‌లో నాకింగ్ వచ్చే ఛాన్స్ పెరుగుతుంది. అందుకని ఈసీయూ ముందే జాగ్రత్తపడి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. సిగ్నల్ దగ్గర మీకు అనిపించిన బద్ధకం ఈ రెండూ కలిస్తే వచ్చేది.

మన వైజాగ్‌కి ఇంకో స్పెషల్ బాధ ఉంది, ఉక్కపోత. 35 డిగ్రీల్లో గాలిలో తేమ 75 శాతం ఉంటే, గాలి ఒత్తిడిలో సుమారు నాలుగు శాతం వాటా నీటి ఆవిరిదే. అంటే ఆ మేరకు ఆక్సిజన్ చోటు ఆవిరి ఆక్రమించేసింది. దీన్ని ఏ టేపూ ఆపలేదు. సముద్రం పక్కన ఉన్నందుకు కట్టే టాక్స్ అనుకోండి.

ఇప్పుడు సూపర్‌చార్జర్, టర్బో సంగతి. రెండింటి పనీ గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోయడమే. టర్బోని సైలెన్సర్ వైపు వెళ్లే పొగ తిప్పుతుంది, సూపర్‌చార్జర్‌ని ఇంజినే బెల్టుతో తిప్పుతుంది. మన రోడ్ల మీద సూపర్‌చార్జర్ కార్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాత మెర్సిడెస్ సీ-క్లాస్ వెనక కొంప్రెసర్ అని రాసి ఉంటుంది చూడండి, అది సూపర్‌చార్జరే. రేంజ్ రోవర్ 5.0 లీటర్ వీ8 ఇంకోటి. మిగతా మనందరివీ టర్బోలే. అయినా ఫిజిక్స్ ఒక్కటే. సైకిల్ పంపు గబగబా కొడితే కింద గొట్టం వేడెక్కుతుంది కదా, అదే ఇక్కడా జరుగుతుంది. బయట గాలి 35 డిగ్రీలు, బూస్ట్ 0.8 బార్ అనుకుని లెక్క వేస్తే, ఏ నష్టమూ లేని ఆదర్శ కంప్రెసర్ నుంచి కూడా గాలి 90 డిగ్రీలతో బయటికొస్తుంది. 70 శాతం ఎఫిషియెన్సీ ఉన్న టర్బో అయితే 115. పాత రూట్స్ టైపు సూపర్‌చార్జర్, ఎఫిషియెన్సీ 55 శాతం అనుకుంటే, 135 దాటిపోతుంది.

ఈ 115 నంబర్ గుర్తుపెట్టుకోండి, అసలు పాయింట్ దీని మీదే ఉంది.

గాలి ప్రయాణం ఇలా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్, అక్కణ్నించి టర్బో, టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా ఒక పైపు, ఇంటర్‌కూలర్ నుంచి థ్రాటిల్ దాకా ఇంకో పైపు, తర్వాత ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఇంజిన్. మధ్యలో ఉన్న రెండు పైపుల్లో మొదటిదాన్ని వేడి పైపు అందాం, రెండోదాన్ని చల్ల పైపు అందాం. బానెట్ కింద గాలి 70 డిగ్రీలు ఉందనుకుందాం. వేడి పైపు లోపల 115. అంటే ఆ పైపు చుట్టూ ఉన్న గాలి కంటే అదే ఎక్కువ వేడి. కాబట్టి అది వేడిని బయటికి వదులుతోంది, ఫ్రీగా మనకి సాయం చేస్తోంది. మీరు దానికి దుప్పటి కప్పితే ఆ వేడి లోపలే ఉండిపోయి, మొత్తం భారం ఇంటర్‌కూలర్ మీద పడుతుంది. చల్ల పైపు కథ రివర్స్. లోపల 50, బయట 70. వేడి లోపలికి వస్తోంది. దుప్పటి కప్పాల్సింది దీనికి.

ఇన్సులేషన్ దేన్నీ చల్లబరచదు, ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకోండి. వేడి అటూ ఇటూ వెళ్లే స్పీడు తగ్గిస్తుంది, అంతే. ఫ్లాస్కులో టీ పోస్తే వేడిగా ఉంటుంది, ఐస్ వేస్తే చల్లగా ఉంటుంది. ఫ్లాస్కుకి లోపలేముందో తెలీదు.

మన ఊళ్లో ఉన్నవాళ్లకి దీనికి మంచి ఉదాహరణ స్టీల్ ప్లాంట్. అక్కడి బ్లాస్ట్ ఫర్నేస్‌లకి నదుల పేర్లు, గోదావరి, కృష్ణ. మూడోది అన్నపూర్ణ. 1990లో మొదలైన గోదావరి ఫర్నేస్ నుంచీ అక్కడ పని మనకి పూర్తి రివర్స్. లోపలికి ఊదే గాలిని స్టవ్‌లు అనే పెద్ద పెద్ద టవర్లలో, వేడెక్కిన ఇటుకల మధ్యగా పంపి, వెయ్యి డిగ్రీలు దాటించి మరీ ఊదుతారు. గాలి ఎంత వేడిగా వెళ్తే అంత కోక్ ఆదా. వాళ్లు ఇన్సులేషన్ వేసేది వేడి పోకుండా, మనం వేసేది వేడి రాకుండా. సామాను ఇంచుమించు ఒకే జాతి, వేసే చోటు వేరు. అక్కడ తప్పు పైపుకి వేస్తే ఇంజినీర్ ఊరుకోడు, ఇక్కడ మనల్ని అడిగేవాడు లేడు, అదీ తేడా.

ఇంకో పాఠం కూడా అక్కడిదే. ఫర్నేస్ దగ్గర పనిచేసేవాళ్లు వెండి రంగు కోట్లు వేసుకుంటారు. ఎర్రగా కాలే వస్తువు నుంచి వేడి గాలి ద్వారా కన్నా కిరణాల రూపంలో ఎక్కువ వస్తుంది. దానికి మందమైన దుప్పటి కన్నా మెరిసే పల్చటి రేకు మేలు. మీ కారులో టర్బో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వందల డిగ్రీల్లో ఉంటాయి. వాటికి ఎదురుగా చల్ల పైపో, ఎయిర్ ఫిల్టర్ బాక్సో ఉంటే మధ్యలో ఒక అల్యూమినియం రేకు నిలబెట్టండి. రేకుకీ పైపుకీ మధ్య వేలు దూరేంత గ్యాప్ ఉండాలి, ఎందుకంటే ఆ గాలి గ్యాప్ కూడా ఇన్సులేషనే. రేకు పైపుకి ఆనితే పని సగం పోయినట్టే. వేడి పైపు కూడా టర్బోకి మరీ దగ్గరగా వెళ్తుంటే ఆ ముక్క వరకు ఇలాంటి రేకు అడ్డం పెట్టొచ్చు, చుట్టడం మాత్రం వద్దు. కంపెనీ వాళ్లు పెట్టిన హీట్ షీల్డ్ ఆల్రెడీ ఉంటే దాన్ని పీకకండి. సర్వీసులో ఒక బోల్టు ఊడిపోయి గలగలమంటోందని తీసి పడేసేవాళ్లని చూశాను, ఏడుపొస్తుంది.

సూపర్‌చార్జర్ కారు ఉన్న అదృష్టవంతులకి ఒక మాట. దాని బాడీని చుట్టకండి. ఆ మెటల్ డబ్బా స్వయంగా వేడిని బయటికి వదులుతూ ఉంటుంది. చుట్టాల్సింది ఏదైనా ఉంటే ఇంటర్‌కూలర్ తర్వాతే. రేంజ్ రోవర్ లాంటి వాటిలో ఇంటర్‌కూలర్లు సూపర్‌చార్జర్‌తో కలిసే ఇంజిన్ పైన కూర్చుంటాయి, నీళ్లతో చల్లబడతాయి. అక్కడ మనం చుట్టడానికి మిగిలేది పెద్దగా ఏమీ లేదు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.0 టీఎస్ఐ వాళ్లదీ అదే పరిస్థితి, ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపలే ఉంటుంది, అదీ నీళ్లతోనే. చాలా కొత్త కార్లలో మానిఫోల్డ్ ప్లాస్టిక్‌దే. ప్లాస్టిక్ అంటేనే సగం ఇన్సులేషన్. దాని మీద బంగారు టేపు వేస్తే ఫొటోకి తప్ప దేనికీ పనికిరాదు.

సరే, చల్ల పైపు చుట్టాం. ఎంత లాభం? ఇక్కడ నేను చిన్న లెక్క వేశాను. ఒక లీటర్ ఇంజిన్, 5000 ఆర్పీఎం, పైపు 50 మిల్లీమీటర్ల వెడల్పు, అర మీటర్ పొడవు. గాలి ఆ పైపులో సెకనుకి ఇరవై మీటర్లకి పైగా పరిగెడుతుంది, అంటే పైపు దాటడానికి సెకనులో నలభయ్యో వంతు. అంత టైమ్‌లో అది ఎంత వేడెక్కుతుంది? చాలా తక్కువ. అదే ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి గాలి నత్తనడక నడుస్తుంది, అదే పైపు దాటడానికి సుమారు అర సెకను. ఇరవై రెట్లు ఎక్కువ టైమ్. పైగా ఫ్యాన్ తప్ప బయట గాలి లేదు, పైపు గోడలు కూడా కాలిపోయి ఉంటాయి.

అంటే ఇన్సులేషన్ పనిచేసేది హైవే మీద టాప్ స్పీడులో కాదు, గాజువాక సిగ్నల్ దగ్గర, షీలానగర్ పోర్టు రోడ్డులో లారీల వెనక. సిగ్నల్ పడ్డాక మొదటి కొన్ని సెకన్లలో మీకు తేడా తెలియాలి. ఎవరైనా దీంతో పది హార్స్‌పవర్ పెరిగిందంటే నవ్వేసి వెళ్లిపోండి. ఇంకో మెలిక కూడా ఉంది. చుట్టిన పైపు ఆలస్యంగా వేడెక్కుతుంది, నిజమే, కానీ ఒకసారి వేడెక్కాక ఆలస్యంగానే చల్లారుతుంది. గంట సేపు జామ్‌లో ఇరుక్కుంటే ఎవరి కారైనా ఒకటే.

ఘాట్ రోడ్డు వేరే కథ. అరకు వెళ్తూ శృంగవరపుకోట దాటాక అనంతగిరి వైపు ఎక్కేటప్పుడు ఐదుగురు మనుషులు, లగేజీ, సెకండ్ గేర్. బూస్ట్ ఫుల్లు, స్పీడు మాత్రం ముప్పై. ఇంటర్‌కూలర్‌కి తగిలే గాలి తక్కువ, అది చల్లార్చాల్సిన వేడి ఎక్కువ. ఇక్కడ టేపు కాదు, ఇంటర్‌కూలర్ శుభ్రంగా ఉందా లేదా అన్నదే ముఖ్యం. పోర్టు చుట్టుపక్కల ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు, బొగ్గు దుమ్ము, ఇనుప ఖనిజం దుమ్ము మేడ మీద ఆరేసిన బట్టల్నే వదలదు. అదే దుమ్ము ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య చేరి, సముద్రపు తేమతో ముద్దకడుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తక్కువ ప్రెషర్ నీళ్లతో, వీలైతే వెనక వైపు నుంచి ముందుకి కడగండి. వాటర్ వాష్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. నన్నడిగితే ఏ ఇన్సులేషన్ కన్నా ముందు చేయాల్సింది ఇదే, ఖర్చు సున్నా.

సౌండ్ కోసం ఒరిజినల్ ఫిల్టర్ బాక్స్ పీకేసి ఓపెన్ కోన్ ఫిల్టర్ పెట్టినవాళ్లు ఉన్నారు కదా, మీకు ఈ ఎపిసోడ్‌తో పని లేదు బాబూ. ముందు ఆ బాక్స్ తిరిగి పెట్టండి. గ్రిల్ దగ్గర నుంచి చల్లగాలి పీల్చే కారుని బానెట్ కింద వేడిగాలి పీల్చేలా మార్చి, తర్వాత టేపు కొనడం ఏంటి?

ఇప్పుడు సామాను, ఇది జాగ్రత్తగా వినండి. ఏసీ మెకానిక్‌లు రాగి గొట్టాలకి తొడిగే నల్ల నైట్రైల్ ఫోమ్ సుమారు 105 డిగ్రీల వరకే ఓర్చుకుంటుంది. చల్ల పైపు టర్బోకి బాగా దూరంగా ఉంటేనే అది ఓకే. రేకుల షెడ్ల కింద వేసే సిల్వర్ బబుల్ షీట్ వద్దు, లోపల ఉన్నది ప్లాస్టిక్, కరిగిపోతుంది. థర్మోకోల్ గురించి మాట్లాడనే వద్దు. చల్ల పైపుకి మంచిది ఒక వైపు అల్యూమినియం పూత ఉన్న ఫైబర్‌గ్లాస్ షీట్, చివర్లకి స్టీల్ టైలు. ప్లాస్టిక్ టైలు ఎండి విరిగి బెల్టులో పడతాయి. ఫర్నేస్ పనులకి వాడే సిరామిక్ ఫైబర్ దుప్పటి మన ఊళ్లో దొరకడం కష్టం కాదు గానీ, దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. వణుకుతున్న ఇంజిన్ మీద అది రాలుతూనే ఉంటుంది, నేనైతే వాడను. ఎవరైనా పాత తెల్ల తాడు, పాత ప్లాంట్ సామాను అని చవగ్గా ఇస్తే అది ఆస్బెస్టాస్ కావచ్చు. ముట్టుకోకండి.

ఎగ్జాస్ట్ పైపుకి చుట్టే ర్యాప్ మన తీరంలో ఇంకో తలనొప్పి. ఆ గుడ్డ తేమని, ఉప్పుని పట్టి ఉంచుతుంది, కింద పైపు మామూలు స్టీల్ అయితే లోపల్లోపలే తుప్పు తినేస్తుంది, బయటికి కనపడదు. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఆ గుడ్డ మీద ఇంజిన్ ఆయిల్ కారి నానితే అది దీపం వత్తే. కాబట్టి ఆయిల్ లీక్ ఉన్న కారుకి ఏ ర్యాప్ వద్దు, ముందు లీక్ చూపించండి. సెన్సర్లు, వాటి వైర్లు, క్యాటలిటిక్ కన్వర్టర్, వీటి మీద ఏమీ చుట్టొద్దు. వారంటీ ఉన్న కారైతే సర్వీస్ సెంటర్‌లో అడిగి చేయండి, లేదా ఊడదీసేలా చేయండి.

చివరిగా, పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక బ్లూటూత్ ఓబీడీ రీడర్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ అని ఉంటుంది. కొన్ని కార్లలో ఆ సెన్సర్ ఫిల్టర్ పక్కనే ఉంటుంది, అప్పుడది మీ చల్ల పైపు గురించి ఏమీ చెప్పదు. ఇంటర్‌కూలర్ తర్వాత ఉన్న సెన్సర్ రీడింగే కావాలి, మీ మోడల్‌కి ఏది ఎక్కడుందో ముందు చూసుకోండి. తర్వాత ఒక సాయంత్రం ట్రాఫిక్ తక్కువున్న టైమ్‌లో రుషికొండ వైపు వెళ్లండి. పది నిమిషాలు బండి ఐడ్లింగ్‌లో పెట్టి రీడింగ్ రాసుకోండి. అరవైలో స్టెడీగా నడుపుతూ, బయట టెంపరేచర్ కన్నా పది డిగ్రీలు మాత్రమే ఎక్కువ ఉండే దాకా ఎన్ని సెకన్లు పట్టిందో పక్కన కూర్చున్న ఫ్రెండ్‌ని చూడమనండి, నడిపేవాళ్లు ఫోన్ ముట్టుకోవద్దు. మూడుసార్లు చేయండి. చుట్టాక, ఇంచుమించు అదే టెంపరేచర్ ఉన్న ఇంకో సాయంత్రం, అదే రోడ్డు, అదే స్పీడు, మళ్లీ మూడుసార్లు. ఐడ్లింగ్ రీడింగ్ తగ్గకపోతే షీట్ విప్పేసి, ఇంటర్‌కూలర్ రెక్కల్ని టార్చ్ వేసి ఇంకోసారి చూడండి.