ఒలీవ కూడా ఊరగాయే

‘ఆలివ్ ఆయిల్’ అంటే పదాల పుట్టుక ప్రకారం ‘ఆలివ్ ఆలివ్’ అన్నట్టే. గ్రీకులు ఆలివ్‌ను ‘ఎలయా’ అన్నారు. ఆ మాటే లాటిన్ మీదుగా ఇంగ్లిషుకు చేరి ‘ఆయిల్’ అయింది. నవ్వుకునే ముందు మన సంగతీ చూసుకోవాలి. నువ్వు, నెయ్యి కలిస్తే నూనె. తిలల నుంచి వచ్చింది తైలం. అంటే ‘ఆలివ్ నూనె’ అన్నప్పుడల్లా మనం అందులో గుప్పెడు నువ్వులు కలుపుతున్నాం!

పిజ్జా మీద నల్ల చక్రాలు చూసి, చెట్టు నుంచి నేరుగా కోసుకు తినొచ్చు అనుకుంటే నాలుకకు శిక్షే. పచ్చికాయలో ఒలియురోపిన్ అనే పదార్థం ఉంటుంది. దాని ముందు కాకరకాయ చాలా మర్యాదస్థురాలు. రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టో, ఉప్పునీళ్లలో నెలల తరబడి ఊరబెట్టో, క్షారంలో ముంచి కడిగో ఆ చేదు విరుస్తారు. ఆవపిండీ కారమూ పడవన్న మాటే గానీ, మనం ఉసిరికాయ ఊరవేసే తీరే అది. టెంక కాయ కాబట్టి మామిడితోనూ వరస కలుస్తుంది. వృక్షశాస్త్రం లెక్కలో మాత్రం దగ్గర చుట్టాలు మల్లె, పారిజాతం.

ఆకుపచ్చవి ఒక రకం, నల్లవి ఇంకో రకం అనుకుంటారు చాలామంది. కాయ ఒక్కటే. ముందే కోస్తే పచ్చన, పండనిస్తే ఊదా, ఆపైన నలుపు. అయితే డబ్బాల్లో నిగనిగలాడే నల్ల ఆలివ్‌లలో చాలావరకు చెట్టున పండినవి కావు. పచ్చిగా కోసి, క్షారంలో వేసి, గాలి ఆడించి నల్లబరిచినవి. ఆ రంగు నిలవడానికి ఫెర్రస్ గ్లూకోనేట్ అనే ఇనుప లవణం కలుపుతారు. హాని లేదు గానీ, డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఆ పేరో, 579 అన్న అంకో కనిపిస్తే సంగతి అర్థమైపోతుంది.

తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఇది ఎప్పటినుంచో ‘ఒలీవ’. నోవహు పావురం తెచ్చింది ఒలీవ ఆకునే. గెత్సేమనే అన్న పేరుకు అర్థం నూనెగానుగ. హైదరాబాద్ పాతబస్తీలో అడిగితే ‘జైతూన్’ అంటారు. ఖురాన్‌లో ఒక సూరా అంజూరం, జైతూన్‌ల మీద ప్రమాణంతోనే మొదలవుతుంది.

మంచి ఎక్‌స్ట్రా వర్జిన్ నూనె ఒక చెంచా మింగితే గొంతులో చురుక్కుమంటుంది, దగ్గు కూడా రావచ్చు. పాడైందని పారబోయకండి, అది తాజాదనానికి గుర్తు. అమెరికాలోని మోనెల్ కేంద్రంలో రుచి, వాసనల మీద పనిచేసే శాస్త్రవేత్త ఒకరు సిసిలీలో కొత్త నూనె రుచి చూశారు. ద్రవరూపంలోని నొప్పి మందు ఐబుప్రొఫెన్ మింగినప్పటి మంట ఆయనకు ఠక్కున గుర్తొచ్చింది. ఆ తీగ లాగితే ఒలియోకాంథాల్ అనే పదార్థం బయటపడింది. ఐబుప్రొఫెన్ అడ్డుకునే ఎంజైములనే ఇదీ అడ్డుకుంటుందని 2005లో ‘నేచర్’ పత్రికలో రాశారు. అలాగని తలనొప్పికి నూనె సీసా ఎత్తేరు! రోజుకు 50 గ్రాముల నూనె తాగినా, నొప్పికి పెద్దవాళ్లు వేసుకునే ఐబుప్రొఫెన్ మోతాదులో దాదాపు పదోవంతే.

గుండె విషయానికొస్తే, అందరూ చెప్పేది స్పెయిన్‌లో దాదాపు 7,400 మందితో జరిగిన ప్రెడిమెడ్ అధ్యయనం. ఆలివ్ నూనె ధారాళంగా వాడే మెడిటరేనియన్ భోజనంతో గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు 30 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. మనుషుల్ని బృందాలుగా విడగొట్టడంలో పొరపాట్లు తేలడంతో 2018లో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలు సరిచేసి మళ్లీ ప్రచురించారు. ఫలితం ఇంచుమించు అదే. కానీ వాళ్ల కంచంలో కూరగాయలు, పప్పుధాన్యాలు, చేపలు కూడా ఉన్నాయి. గారెల మూకుట్లో నూనె మార్చినంత మాత్రాన గుండె బాగుపడుతుందని ఆ అధ్యయనంలో ఎక్కడా లేదు. పెద్ద చెంచాడు నూనెకు 120 కేలరీలు, ఏ నూనైనా అంతే.

కాయలు తినేవాళ్లు చూసుకోవాల్సింది ఉప్పు. ఊరబెట్టిన పచ్చ ఆలివ్‌లు 100 గ్రాములు తింటే ఒకటిన్నర గ్రాముల సోడియం. రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 2 గ్రాములే. ఆవకాయలాగే, నంజుకోవాలి.

సీసా కొనేటప్పుడు: ‘ఎక్‌స్ట్రా వర్జిన్’ అంటే కాయను నలిపి తీసిన రసం, ఆమ్లత్వం 0.8 శాతం దాటకూడదు. ‘పోమస్’ అంటే మిగిలిన పిప్పి నుంచి ద్రావకాలతో లాగి శుద్ధిచేసినది. ‘లైట్’ అంటే రంగూ రుచీ తేలిక, కేలరీలు కావు. పొయ్యి పక్కన పెడితే ఎంత ఖరీదైనదైనా త్వరగా ముక్కిపోతుంది.

మందుల షాపు నుంచి ఆలివ్ నూనె చిన్న డబ్బా తెచ్చి పసిబిడ్డల ఒంటికి పట్టించడం మన ఇళ్లలో ఉన్నదే. బ్రిటన్ పరిశోధకులు పెద్దవాళ్ల చర్మం మీద పరీక్షించి 2013లో ప్రచురించిన ఫలితం ప్రకారం, ఆలివ్ నూనె చర్మపు పైపొరను బలహీనపరిచింది, పొద్దుతిరుగుడు నూనె ఆ పని చేయలేదు. చర్మం పొడిబారిన పిల్లలకైతే డాక్టర్ని అడిగాకే రాయడం మేలు.

ఆ నూనే సబ్బుగా మారితే కథ వేరు. సిరియాలోని అలెప్పోలో, పాలస్తీనాలోని నాబ్లుస్‌లో ఆలివ్ సబ్బు తయారీ వందల ఏళ్ల విద్య. రెండింటినీ 2024లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. నాబ్లుస్‌లో కోసిన సబ్బు ముక్కల్ని గాలి తగిలేలా సందులు వదిలి, లోపల బోలుగా, మనిషికంటే ఎత్తైన గోపురాల్లా పేర్చి ఆరబెడతారు.