మానవుని నడిపించు నాకాంక్షలు

అలిపిరినుండి తిరుమలకు 3,550 మెట్లు గలవు. ఒకడు మ్రొక్కు తీర్చుకొనుటకును, వేఱొకడు చెలికాండ్ర తోడు విడువలేకయు, మఱియొకడు నిరుటికంటె త్వరగా నెక్కగలనా యని చూచుకొనుటకును వాని నెక్కుచున్నారు. కార్యమొక్కటియే, దానిని నడిపించు నాకాంక్షలు వేఱు. కావున మనుష్యుని శీలము నెఱుగవలెనన్న, నతడేమి చేయుచున్నాడని మాత్రమేగాక, యేల చేయుచున్నాడనియు విచారింపవలెను.

ఈ విచారణకు త్రోవ చూపినవారిలో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు హెన్రీ మరే యొకడు. 1938లో వెలువడిన తన గ్రంథమున ఆకలిదప్పులవంటి శరీరపు టక్కఱలేగాక, మనస్సునకు సుమారు ఇరువది యక్కఱలు గలవని యాయన వివరించెను. పిమ్మట డేవిడ్ మెక్లెలండ్ మూడింటిని విశేషముగా పరిశోధించెను. పనిని మునుపటికంటె చక్కగా చేయవలెనను కోరిక సాధనాకాంక్ష. ఇతరుల స్నేహము గోరుట సాంగత్యాకాంక్ష. ఇతరులపై ప్రభావము గలిగియుండగోరుట అధికారాకాంక్ష. ఇవి యెల్లరయందును గలవు. పాళ్లు మాత్రము వేఱు.

మన తిరునాళ్లలో రింగులు విసరు ఆట నందఱెఱుగుదురు. పరిశోధకు లిట్టి యాట నాడించి, నిలుచు దూరమును ఆడువారికే విడిచిపెట్టిరి. సాధనాకాంక్ష బలముగా గలవారు తఱచుగా మధ్యదూరము నెన్నుకొనిరి. ఓటమికి వెఱచువారు మిక్కిలి దగ్గఱనో, మిక్కిలి దూరముననో నిలుచుటకు మొగ్గిరి. దగ్గఱనున్న గుఱి తప్పదు. దూరముననున్న, తప్పినను సిగ్గులేదు! మత్తయి సువార్తలోని యుపమానమందు ఒక్క తలాంతు పొందినవాడు సోమరియని నిందింపబడెను. అతడు మాత్రము భయపడి దాచితినని చెప్పుకొనెను. మన తరగతులలో సోమరులని పిలువబడు బాలురలో ఇట్టి భయస్థు లనేకులు గలరని మేము తలంచుచున్నాము.

ఈ యాకాంక్ష పుట్టుకతో వచ్చి మార్పులేక నిలుచునది కాదు. ఇందుకు నిదర్శనము ఆంధ్రదేశమందే కలదు. 1964లో మెక్లెలండ్ పక్షమువారు కాకినాడ వర్తకులను, చిన్న పరిశ్రమల యజమానులను జట్లుగా హైదరాబాదునకు రప్పించి, కొలదిదినములు శిక్షణ నిచ్చిరి. చిత్రములను చూచి కథలు వ్రాయుట, తమ యాకాంక్షలను తామే గుర్తించుట, సాధ్యమైన గుఱి నేర్పఱచుకొనుట వారి పాఠములు. అట్టి శిక్షణ పొందినవారు పొందనివారికంటె హెచ్చుగా నూతన వ్యాపారముల నారంభించి, యెక్కువమందికి పని కల్పించిరని 1969లో మెక్లెలండ్, డేవిడ్ వింటర్ ప్రకటించిరి. అయితే పని నిర్ణయము తమ చేతనున్నవారియందే యీ ఫలము ప్రధానముగా కనబడెను.

ఈ తుది మాట తలిదండ్రులును, మేమును మఱువరానిది. ప్రథమస్థానమను దూరపు గుఱిని పెద్దలే యేర్పఱచి బాలుని నెట్టినచో, భయము పెరుగునుగాని సాధనాకాంక్ష పెరుగదు. లెక్కలలో 40 మార్కులు తెచ్చుకొనువానిని 100 తెమ్మని గద్దింపక, రానున్న పరీక్షలో నెన్ని తేగలవని యడుగుడు. వాడు 50 అనినయెడల, ఆ 50 వాని సొంతము. విద్యార్థులారా! మీ గుఱిని మీరే యెన్నుకొనుడు. అది చేతికందునంత దగ్గఱను, కంటికందనంత దూరమునను ఉండకుండునట్లు చూచుకొనుడు.