పికప్ వాహనాల ఇంజను మన్నిక, వారంటీ, మరమ్మతు వ్యయం: రైతులు గమనించవలసిన అంశాలు

నిజామాబాద్ జిల్లాలోని రుద్రూర్, వర్ని, కోటగిరి, బోధన్ ప్రాంతాలు ఒకప్పుడు చెరకు సాగుకు పేరుగాంచినవి. 1937లో బోధన్ సమీపంలోని శక్కర్‌నగర్‌లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం వలన ఇక్కడి చెరకుకు గమ్యం దగ్గరలోనే ఉండేది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడిన పిదప చెరకు విస్తీర్ణం తగ్గి వరి ప్రాధాన్యం పెరిగింది. వరి, పసుపు, సోయాచిక్కుడు, కూరగాయలు వేర్వేరు మార్కెట్లకు చేరవలసి ఉండటంతో రైతుకు సొంత రవాణా సాధనం అవసరమైంది. ఈ అవసరాన్ని తీర్చే చిన్న సరకు వాహనం పికప్.

అద్దె పికప్ ఏడాది పొడవునా తిరుగుతుంది. రైతు పికప్ నాట్లు, కోతలు, మార్కెట్ రోజులలో ఎక్కువగా తిరిగి, మిగిలిన కాలంలో ఇంటి ముందు నిలిచి ఉంటుంది. తిరిగిన దూరం తక్కువే కనుక ఇంజను కొత్తగానే ఉన్నదని, సర్వీసుకు ఇంకా సమయం ఉన్నదని రైతు భావిస్తాడు. ఇంజను చెడటానికీ, వారంటీ చేజారటానికీ ఈ భావనే తరచుగా మూలమవుతుంది.

ఇంజను మన్నికను తగ్గించే కారణాలు

దుమ్ము: వరికోత యంత్రాలు, ధాన్యం కల్లాలు, వేసవిలో బండ్ల బాటలు వెదజల్లే దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, సరిగా బిగించకపోయినా ఈ రేణువులు సిలిండరులోకి చేరి పిస్టన్ రింగులను, లైనరును అరగదీస్తాయి. ఆయిల్ తగ్గిపోవటం, నీలి పొగ రావటం, బరువు లాగలేకపోవటం ఈ అరుగుదలకు లక్షణాలు. కోత కాలంలో సర్వీసు గడువు కోసం వేచి ఉండక ప్రతి వారం ఫిల్టరును పరిశీలించాలి. కాగితపు ఫిల్టరును అధిక పీడన గాలితో కొట్టినా, నీటితో కడిగినా దాని సన్నని రంధ్రాలు పాడవుతాయి.

వేడి: ఏప్రిల్, మే నెలలలో ఇక్కడి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. రేడియేటరు రెక్కల మధ్య గడ్డి, ఊక చేరితే గాలి ఆడదు. కూలెంటుకు బదులు బోరు నీరు పోస్తే అందులోని లవణాలు లోపల పొరలుగా పేరుకుంటాయి. ఇంజను మితిమీరి వేడెక్కితే హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి, సిలిండర్ హెడ్ వంకర పోవచ్చు. ఉష్ణోగ్రత ముల్లు ఎరుపు గీతకు చేరిన తరువాత కూడా "ఊరు దగ్గరే కదా" అని నడపటం చిన్న లోపాన్ని పెద్ద మరమ్మతుగా మారుస్తుంది.

డీజిల్‌లో నీరు: నేటి కామన్ రైల్ ఇంజన్లలో ఇంజెక్టర్లు అతి సూక్ష్మమైన కొలతలతో తయారవుతాయి. డబ్బాలలో, పీపాలలో నిల్వ చేసిన డీజిల్‌తో పాటు చేరే నీరు, తుప్పు వీటిని త్వరగా చెడగొడతాయి. వాహనం నెలల తరబడి నిలిచి ఉన్నప్పుడు ట్యాంకులోని ఖాళీ స్థలంలో తేమ చేరుతుంది. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని నిర్ణీత సమయంలో తీసివేయాలి.

అధిక బరువు: రిజిస్ట్రేషన్ పత్రంలోని స్థూల బరువును మించి సరకు నింపితే క్లచ్, గేర్‌బాక్సు, ఇంజను మూడింటిపైనా భారం పడుతుంది. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు జరిమానా ₹20,000. దానికి తోడు అదనపు ప్రతి టన్నుకు ₹2,000 చెల్లించాలి.

బి.ఎస్.-6 వాహనాలలో అదనపు జాగ్రత్తలు

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. డీజిల్‌లో గంధకం గరిష్ఠ పరిమితి కిలోకు 50 మిల్లీగ్రాముల నుండి 10 మిల్లీగ్రాములకు తగ్గింది. అనేక డీజిల్ వాహనాలలో పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టరు చేరింది. ఇంజను తగినంత వేడిగా కొంతసేపు నడిచినపుడే ఈ మసి కాలిపోతుంది. పొలం నుండి ఇంటికి, ఇంటి నుండి ఊరి కూడలికి మాత్రమే నడిచే వాహనంలో ఆ అవకాశం దొరకదు. మసి కాలుతుండగా పదేపదే ఇంజను ఆపితే ఫిల్టరు పూడుకుపోతుంది. కాలని డీజిల్ ఆయిల్‌లో కలిసి దానిని పలుచన చేస్తుంది. హెచ్చరిక దీపం వెలిగినపుడు యజమాని పుస్తకంలో సూచించిన విధంగా నిలకడైన వేగంతో కొంత దూరం నడపాలి. ఆయిల్ కూడా ఆ పుస్తకంలో పేర్కొన్న రకమే వాడాలి.

కొన్ని వాహనాలలో యూరియా ద్రావణానికి ప్రత్యేక ట్యాంకు ఉంటుంది. ఈ ద్రావణంలో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగిలినది ఖనిజరహిత నీరు. ఇంట్లో యూరియా బస్తా ఉన్నది కదా అని దానిని నీటిలో కరిగించి పోయటం పెద్ద పొరపాటు. ఎరువు యూరియాకు వేప నూనె పూత ఉంటుంది. అందులో బైయూరెట్ 1.5 శాతం వరకు ఉండవచ్చు. వాహన ద్రావణంలో అది 0.3 శాతం మించరాదు. పూత, మలినాలు, నీటిలోని లవణాలు కలిసి పంపును, నాజిలును, ఉత్ప్రేరకాన్ని చెడగొడతాయి. పైగా రాయితీ యూరియాను పంటలకు తప్ప ఇతర అవసరాలకు వాడటం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వుకు విరుద్ధం.

వారంటీ: కిలోమీటర్లు, కాలం

వారంటీ పత్రంలో "ఇన్ని సంవత్సరాలు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. ఉదాహరణకు వారంటీ 3 సంవత్సరాలు లేదా 1,00,000 కిలోమీటర్లు అనుకుందాం. రోజుకు 150 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగే అద్దె వాహనం సంవత్సరానికి 45,000 కిలోమీటర్లు తిరుగుతుంది. దాని వారంటీ సుమారు 2 సంవత్సరాల 3 నెలలలో ముగుస్తుంది. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే రైతు వాహనానికి 3 సంవత్సరాలు నిండేనాటికి 30,000 కిలోమీటర్లే అవుతాయి. అయినా వారంటీ ముగిసినట్లే. కావున అదనపు వారంటీ కొనే రైతు అందులో పెరిగే సంవత్సరాలను చూడాలి. పెరిగే కిలోమీటర్ల వలన అతనికి ప్రయోజనం స్వల్పం.

సర్వీసుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. దూరం పూర్తి కాకపోయినా నెలల గడువు దాటితే ఆయిల్ మార్చాలి. నిలిచి ఉన్న ఇంజనులోనూ ఆయిల్ తేమను, ఆమ్లాలను చేర్చుకొని బలహీనపడుతుంది. గడువు దాటిన సర్వీసు వారంటీ తిరస్కరణకు కారణం కావచ్చు. క్లచ్ ప్లేటు, బ్రేకు లైనింగు, ఫిల్టర్లు, బెల్టుల వంటి అరిగిపోయే భాగాలకు సాధారణంగా పూర్తి వారంటీ ఉండదు. అధిక బరువు, కల్తీ ఇంధనం, అనుమతి లేని మార్పుల వలన కలిగిన నష్టాన్ని కూడా మినహాయిస్తారు.

మరమ్మతు వ్యయాన్ని అదుపు చేయటం

ఇంజను విప్పక ముందే రాతపూర్వక అంచనా తీసుకోవాలి. లోపాన్ని వెదకటం తక్కువ ఖర్చు భాగాలతో మొదలు కావాలి. ఇంజను బరువు లాగకపోతే ముందుగా ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, గొట్టాల లీకులు, సెన్సార్లు, ఆ తరువాతనే ఇంజెక్టర్లు, టర్బో పరిశీలించాలి. కంప్రెషన్ పరీక్ష చేయకుండా రింగులు పోయాయని నిర్ణయించరాదు. పూర్తి ఓవర్‌హాల్ చేసేటపుడు సిలిండరు, క్రాంక్‌షాఫ్టు అరుగుదలను కొలిచిన వివరాలు అడగాలి. మార్చిన పాత భాగాలను, జి.ఎస్.టి. బిల్లును తప్పక తీసుకోవాలి.

మరమ్మతు ఖర్చులో కోత కాలంలో వాహనం నిలిచిన రోజులకు చెల్లించే అద్దెను కూడా చేర్చి లెక్కించాలి. ఈ కారణం చేత పసుపు తవ్వకానికి, వరి కోతకు ముందే సర్వీసు చేయించటం లాభదాయకం.

వివాదం ఏర్పడినపుడు

వారంటీ గడువులో లోపం కనిపించిన వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. జాబ్ కార్డులో తేదీ, కిలోమీటర్లు, రైతు చెప్పిన లోపం నమోదయ్యేలా చూడాలి. తిరస్కరిస్తే కారణాన్ని రాతలో కోరాలి. జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వాణిజ్య ప్రయోజనం కొరకు కొన్నవారు వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కొరకు మాత్రమే కొని వాడుకొనేవారికి ఈ మినహాయింపు వర్తించదు. సొంత పంట రవాణాకు, బతుకుదెరువుకు పికప్ నడుపుకొనే రైతు ఈ రక్షణను కోరవచ్చు. చెల్లించిన ధర ₹50 లక్షలకు మించని వివాదాలు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. వివాద కారణం ఏర్పడిన నాటి నుండి 2 సంవత్సరాలలోపు దాఖలు చేయాలి. ₹5 లక్షల వరకు రుసుము లేదు. ₹5 లక్షలు దాటి ₹10 లక్షల వరకు ₹200.

ఇటువంటి వివాదంలో రైతు చేతిలోని కాగితాలే అతని పక్షాన సాక్ష్యం. వారంటీ పత్రం, సర్వీసు పుస్తకం, జాబ్ కార్డులు, ఆయిల్, ఫిల్టర్ల బిల్లులు ఒకే సంచిలో భద్రపరచాలి. పంటల పనుల తేదీలు గుర్తుపెట్టుకొనే క్యాలెండరులోనే సర్వీసు తేదీని, వారంటీ ముగిసే తేదీని గుర్తించుకొన్న రైతుకు ఇంజను మన్నుతుంది, ఖర్చు తగ్గుతుంది, వారంటీ హక్కు నిలుస్తుంది.