బియ్యపుగింజంత గ్రంథి కోసం వెదుకులాట

స్వదేశం నుంచి రెడ్‌మండ్‌కు పిల్లల ఇంటికి వచ్చిన తల్లి ఎముకల నొప్పి, నీరసం అంటే, వయసు మీద పడిందనుకోవడం పరిపాటి. మూత్రపిండాలలో రాళ్లు పదే పదే ఏర్పడితే నీళ్లు తక్కువ తాగుతున్నదని మందలిస్తారు. రెండింటికీ మూలం మెడలోని ఒక చిన్న గ్రంథి కావచ్చు.

థైరాయిడ్ వెనుక సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. ఒక్కొక్కటి బియ్యపుగింజంత. పేరులో పొత్తే గాని థైరాయిడ్ పనితో వీటికి సంబంధం లేదు. రక్తంలోని కాల్షియాన్ని అదుపులో ఉంచడమే వీటి విధి. ఒకటి పెరిగి హార్మోన్‌ను అతిగా స్రవిస్తే ఎముకలలోని కాల్షియం రక్తంలోకి తరలిపోతుంది. ఈ గ్రంథిని రిచర్డ్ ఓవెన్ తొలుత గుర్తించినది, లండన్ జంతుప్రదర్శనశాలలో 1849లో మరణించిన మన భారతీయ ఖడ్గమృగంలో! మనిషిలో దీనిని 1880లో వర్ణించినవాడు స్వీడన్‌కు చెందిన ఐవార్ శాండ్‌స్ట్రోమ్.

చెడిన గ్రంథిని తీసివేస్తే జబ్బు నయమవుతుంది. కష్టమంతా వెదకడంలోనే. ఛార్లెస్ మార్టెల్ అనే అమెరికన్ నౌకా కెప్టెన్‌కు ఆరుసార్లు కోసినా దొరకని గడ్డ, 1932లో ఏడవసారి ఛాతీలో దొరికింది. అప్పటికే ఆయన ఎత్తు అంగుళాల కొద్దీ తగ్గిపోయింది. ఆపై ఎంతోకాలం బ్రతకలేదు.

1989లో వచ్చిన సెస్టామిబి స్కాన్, గడ్డ ఏ వైపున ఉన్నదో ముందే చూపి, చిన్న కోతకు దారి తీసింది. ఈ హార్మోన్ నాలుగైదు నిమిషాలలోనే రక్తంలో సగమవుతుంది. 1990లలో మయామీలో జార్జ్ ఇర్విన్ ఈ గుణాన్నే వాడుకున్నాడు: గడ్డ తీసిన పది నిమిషాలకు హార్మోన్ సగానికి పైగా పడిపోతే పని పూర్తయినట్లే.

అన్నిటికన్నా విచిత్రమైనది వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో అనితా మహదేవన్-జాన్సెన్ బృందం కనుగొన్న సంగతి. కంటికి కానరాని పరారుణ కాంతి సోకితే ఈ గ్రంథులు, ఏ రంగూ ఎక్కించకుండానే, తమంతట తాము మెరుస్తాయి. ఈ సూత్రంపై పనిచేసే రెండు పరికరాలకు 2018లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. అయితే మెరిసిన గ్రంథి చెడినదో మంచిదో ఆ వెలుగు చెప్పదు. అది వైద్యుడే తేల్చుకోవాలి.

స్కాన్ చోటు చూపుతుందే గాని జబ్బును నిర్ధారించేది రక్తపరీక్షే. ఎండ అరుదైన రెడ్‌మండ్ శీతాకాలంలో విటమిన్ డి తగ్గినా ఈ హార్మోన్ పెరగవచ్చు, కాని అందువల్ల కాల్షియం పెరగదు. కాబట్టి వైద్యులు కాల్షియం, హార్మోన్, విటమిన్ డి మూడింటినీ కలిపి చూస్తారు.