ఆరుగురు ఉక్కు అన్నదమ్ములు... ఒక్కచోట!

ఒకే కార్ఖానాలో పుట్టారు. ఒకే దారిలో పోటీపడి పరుగులు తీశారు. వయసు మీదపడ్డాక ఒకరు అమెరికా వెళ్లిపోయారు, ఇంకొకరు కెనడా. మిగిలిన నలుగురూ బ్రిటన్‌లోనే తలోచోట ఉండిపోయారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఆ ఆరుగురూ ఒక్కచోట కలిశారు. ఆ కలయికను చూడటానికి జనం దేశదేశాల నుంచీ వచ్చి బారులు తీరారు. ఇంతకీ ఆ అన్నదమ్ములు మనుషులు కాదు... ఒక్కొక్కటీ వంద టన్నులకు పైగా బరువుండే ఆవిరి ఇంజిన్లు!

అది 2013 జులై 3. ఇంగ్లండులోని యార్క్ నగరం. అక్కడి జాతీయ రైల్వే మ్యూజియంలో ఓ పెద్ద హాలుంది. దాని మధ్యలో ఇంజిన్లను గుండ్రంగా తిప్పే టర్న్‌టేబుల్. దాని చుట్టూ విసనకర్ర విప్పినట్టు ఆరు ఇంజిన్లు నిలబడి ఉన్నాయి. ముందు భాగం గాలిని చీల్చేలా ఏటవాలుగా, నున్నగా ఉంటుంది. మూడింటికి ముదురు నీలం రంగు, ఒకదానికి కాస్త వేరే నీలం, రెండింటికి ఆకుపచ్చ. తాతలు మనవళ్లను భుజాలకెత్తుకుని చూపిస్తున్నారు. కెమెరాలు క్లిక్‌మంటూనే ఉన్నాయి. కొందరైతే మాటా పలుకూ లేకుండా అలా చూస్తూ ఉండిపోయారు.

ఆ వేడుకకు మ్యూజియం పెట్టిన పేరు 'ద గ్రేట్ గ్యాదరింగ్'. పెద్ద కలయిక అన్నమాట. రెండువారాలపాటు సాగింది. ఇనప ముద్దల కోసం ఇంత హడావుడా అనిపించొచ్చు. కానీ ఆ ఆరింటి కథ వింటే అలా అనబుద్ధి కాదు.

బాతు పేరు... బాణం వేగం!

ఆరింటిలోనూ పెద్ద హీరో 'మలార్డ్'. మలార్డ్ అంటే ఓ జాతి బాతు. ఈ ఇంజిన్లను రూపొందించిన సర్ నైజెల్ గ్రెస్లీకి పక్షులంటే ఇష్టం. అందుకే వీటిలో చాలావాటికి పక్షుల పేర్లే పెట్టారు. ఈ రకం ఇంజిన్లను రైల్వే భాషలో 'ఏ4' అంటారు. 1935 నుంచి 1938 దాకా డాంకాస్టర్ కార్ఖానాలో మొత్తం 35 తయారయ్యాయి.

ఆ రోజుల్లో రైళ్ల వేగం దేశాల పరువుకు సంబంధించిన విషయం. 1936 మేలో జర్మనీ ఆవిరి ఇంజిన్ ఒకటి గంటకు 200 కిలోమీటర్ల వేగాన్ని దాటేసింది. బ్రిటన్ ఊరుకుంటుందా! 1938 జులై 3, ఆదివారం. బ్రేకుల పరీక్ష పేరుతో మలార్డ్‌ను పట్టాలెక్కించారు. అప్పటికి దాని వయసు నాలుగు నెలలే. వెనక ఆరు పెట్టెలు, వాటితోపాటు వేగాన్ని కొలిచే యంత్రాలున్న మరో పెట్టె. డ్రైవర్ జో డడింగ్టన్‌కు అరవై దాటాయి. పక్కనే బొగ్గు వేయడానికి ఫైర్‌మన్ టామీ బ్రే.

గ్రాంథమ్ స్టేషన్ దగ్గర పట్టాల మరమ్మతు జరుగుతుండటంతో బండి నెమ్మదిగా వెళ్లాల్సి వచ్చింది. అది దాటాక డడింగ్టన్ వేగం పెంచాడు. స్టోక్ అనే ఎత్తుప్రదేశం ఎక్కి దిగుడు మొదలవగానే బండి బాణమే అయింది. వంద మైళ్లు... నూట పది... నూట ఇరవై... చివరికి 126 మైళ్లు! అంటే గంటకు దాదాపు 203 కిలోమీటర్లు. రెండు మీటర్ల ఎత్తున్న ఆ పెద్ద చక్రాలు సెకనుకు దాదాపు తొమ్మిదిసార్లు తిరిగాయన్నమాట. ఆ అంకె దగ్గర బండి నిలిచింది క్షణకాలమే. అయినా అది చాలు. ఆవిరి ఇంజిన్ల ప్రపంచంలో ఆ రికార్డును అధికారికంగా దాటినవారు ఇప్పటికీ లేరు.

ఆ పరుగుకు మలార్డ్ మూల్యం కూడా చెల్లించింది. ఏ4 ఇంజిన్‌కు మూడు సిలిండర్లుంటాయి. రెండు బయటికి కనిపిస్తాయి. మూడోది మధ్యలో, లోపలెక్కడో ఉంటుంది. దాని బేరింగ్ వేడెక్కితే డ్రైవర్‌కు కనిపించదు. అందుకే ఓ చిట్కా కనిపెట్టారు. ఆ బేరింగ్‌లో సోంపు వాసన వచ్చే గొట్టం ఒకటి అమర్చారు. వేడి మితిమీరితే అది పగిలి ఘాటుగా వాసనొస్తుంది. ఆ రోజు అదే జరిగింది. బేరింగ్ దెబ్బతింది. పీటర్‌బరో దగ్గర మలార్డ్‌ను తప్పించి వేరే పాత ఇంజిన్‌తో బండిని లండన్ చేర్చారు. ప్రపంచ రికార్డు కొట్టిన వీరుడు అదే రోజు షెడ్డు పాలయ్యాడు!

మన పేరుతో ఓ ఇంజిన్

ఈ కథలో మనకూ ఓ ముక్క ఉంది. 1937లో ఆరో జార్జి పట్టాభిషేకం సందర్భంగా లండన్ నుంచి ఎడిన్‌బరోకు 'కారొనేషన్' అనే రైలును మొదలుపెట్టారు. దాదాపు 630 కిలోమీటర్ల దూరం. ఆరు గంటల్లో చేర్చేది. ఆ రైలును లాగేందుకు ఐదు ఏ4లకు సామ్రాజ్యంలోని దేశాల పేర్లు పెట్టారు. డొమినియన్ ఆఫ్ కెనడా, యూనియన్ ఆఫ్ సౌతాఫ్రికా, కామన్వెల్త్ ఆఫ్ ఆస్ట్రేలియా, డొమినియన్ ఆఫ్ న్యూజిలాండ్. ఐదోది... 'ఎంపైర్ ఆఫ్ ఇండియా'!

2013లో యార్క్‌లో కలిసిన ఆరింటిలో కెనడా ఉంది, సౌతాఫ్రికా ఉంది. మన ఇండియా లేదు. 1964లో దాన్ని పట్టాల మీంచి తప్పించి ముక్కలు చేసి తుక్కుగా అమ్మేశారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లదీ అదే గతి.

ఆ రోజుల్లో అదేం వింత కాదు. డీజిల్ ఇంజిన్లు వచ్చేశాయి. బొగ్గు మోయక్కర్లేదు, గంటల తరబడి పొయ్యి రాజేయక్కర్లేదు. 1968 ఆగస్టుకల్లా బ్రిటన్ ప్రధాన మార్గాల్లో మామూలు ఆవిరి రైళ్లు పూర్తిగా ఆగిపోయాయి. వేల ఇంజిన్లు కొలిమికి వెళ్లాయి. 35 ఏ4ల్లో ఒకటి 1942లోనే యార్క్ మీద జర్మన్లు వేసిన బాంబులకు ధ్వంసమైంది. 28 తుక్కయ్యాయి. మిగిలినవి ఆరు. అవి మిగలడానికీ ఒక్కోదానికీ ఒక్కో కారణం.

ఎవరు కాపాడారు?

మలార్డ్‌ది రికార్డు కాబట్టి ప్రభుత్వమే దాచింది. మరి మిగిలినవి?

'డ్వైట్ డి ఐసెన్‌హోవర్' అసలు పేరు గోల్డెన్ షటిల్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1945లో మిత్రదేశాల సేనాని పేరు పెట్టారు. ఆయన తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యారు. ఆ పేరే ఇంజిన్‌కు ప్రాణభిక్ష పెట్టింది. 1964లో అది అమెరికాలోని గ్రీన్ బే రైల్వే మ్యూజియానికి కానుకగా వెళ్లింది. 'డొమినియన్ ఆఫ్ కెనడా'ను కూడా పేరే కాపాడింది. అది మాంట్రియల్ దగ్గరున్న మ్యూజియానికి చేరింది.

'సర్ నైజెల్ గ్రెస్లీ'ని కాపాడింది మాత్రం అభిమానులు. 1966లో ఓ సంఘంగా ఏర్పడి, చందాలు పోగేసి, తుక్కుధరకు పోబోతున్న ఇంజిన్‌ను కొనుక్కున్నారు. 'బిటర్న్', 'యూనియన్ ఆఫ్ సౌతాఫ్రికా'లను కూడా రైళ్లంటే ప్రాణం పెట్టేవారే సొంత డబ్బుతో కొన్నారు. ఆవిరి ఇంజిన్ కొనడం ఒక ఎత్తు... పోషించడం మరో ఎత్తు. కొన్నేళ్లకోసారి బాయిలర్‌ను విప్పి, గొట్టాలన్నీ మార్చి, మళ్లీ పరీక్ష పాసవ్వాలి. లేదంటే పట్టాలెక్కనివ్వరు. ఆదివారాలు, సెలవు రోజులు నూనె మరకల మధ్య గడిపే వలంటీర్లు లేకపోతే ఆ పని జరగదు.

అందుకే యార్క్‌లో జనం చూసింది ఆరు ఇంజిన్లనే కాదు. వాటి వెనకున్న అర్ధ శతాబ్దపు పట్టుదలను కూడా.

సముద్రాలు దాటి...

ఈ కలయిక ఆలోచన అంత తేలిగ్గా కార్యరూపం దాల్చలేదు. 2008లో మలార్డ్ రికార్డుకు డెబ్భై ఏళ్లు నిండినప్పుడు బ్రిటన్‌లో ఉన్న నాలుగింటినీ యార్క్‌లో వరసగా నిలబెట్టారు. మరి ఆ రెండూ? 75 ఏళ్ల పండక్కి వాటిని కూడా తెస్తే ఎలా ఉంటుందని అప్పటి మ్యూజియం డైరెక్టర్ స్టీవ్ డేవిస్ అనుకున్నారు. ఉత్తర అమెరికా మ్యూజియంలు ఇంజిన్లను అమ్మడానికి కాదు, అరువివ్వడానికి ఒప్పుకొన్నాయి.

దశాబ్దాలుగా కదలని బండ్లవి. వాటిని బయటికి తీసి, సరకు బళ్ల మీదకెక్కించి కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్ రేవుకు చేర్చారు. అక్కణ్నుంచి ఓడ. 2012 అక్టోబరులో రెండూ లివర్‌పూల్ రేవులో దిగాయి. దాదాపు యాభై ఏళ్ల తర్వాత పుట్టింటి గడప తొక్కాయి. 'డొమినియన్ ఆఫ్ కెనడా'కు తుప్పు వదిలించి, పాత నీలం రంగు వేశారు. కెనడా వాళ్లు ఒకప్పుడు దానికి బహూకరించిన గంట ఉండేది. ముందు భాగంలో ఆ ముచ్చటా తీర్చారు.

2013 జులైలో ఒకసారి, అక్టోబరు, నవంబరుల్లో మరోసారి యార్క్‌లో ఆరూ కలిశాయి. చివరిగా 2014 ఫిబ్రవరిలో షిల్డన్ మ్యూజియంలో వీడ్కోలు సభ పెట్టారు. తొమ్మిది రోజుల్లో లక్ష మందికి పైగా వచ్చారు. చిన్న ఊరు షిల్డన్ ఆ జనాన్ని చూసి ఉక్కిరిబిక్కిరైంది. ఆ తర్వాత ఐసెన్‌హోవర్ అమెరికాకు, డొమినియన్ ఆఫ్ కెనడా మాంట్రియల్‌కు తిరిగి వెళ్లిపోయాయి. అన్నమాట ప్రకారం అప్పగించేశారు.

మళ్లీ కలుస్తాయా? అభిమానుల ఆశ అదే. కానీ అంత బరువును అంత దూరం మోయడానికి అయ్యే ఖర్చు, శ్రమ చూస్తే మాత్రం అనుమానమే. వాటికీ వయసు మీదపడుతోంది. మలార్డ్ 1988 తర్వాత సొంతంగా పరుగు తీయలేదు. యూనియన్ ఆఫ్ సౌతాఫ్రికా 2021లో రిటైరైంది. ఏళ్ల తరబడి మరమ్మతుల తర్వాత సర్ నైజెల్ గ్రెస్లీ మాత్రం 2022లో మళ్లీ పట్టాలెక్కి కూత వేసింది.

మన దగ్గర...

పొగబండి అంటే మన పెద్దవాళ్లకు ఎన్ని జ్ఞాపకాలో! కిటికీ పక్కన సీటు కోసం పోట్లాట, కంట్లో పడే బొగ్గు నలుసు, ఊరు చేరేసరికి నల్లబడిన తెల్ల చొక్కా. మన బ్రాడ్‌గేజ్ మార్గాల్లో మామూలు ఆవిరి రైళ్లు 1995లో ఆగిపోయాయి. మన దగ్గర కూడా ఇంజిన్లు చాలావరకు తుక్కుకే వెళ్లాయి.

మిగిలినవీ ఉన్నాయి. ఢిల్లీ చాణక్యపురిలో 1977లో మొదలైన జాతీయ రైలు మ్యూజియం ఉంది. 1855 నాటి 'ఫెయిరీ క్వీన్' మన సొత్తే. 1997లో దాన్ని మళ్లీ పట్టాలెక్కించి ఢిల్లీ నుంచి ఆల్వార్‌కు నడిపితే గిన్నిస్ బుక్‌లోకెక్కింది. హర్యానాలోని రేవాడీ షెడ్డులో తుపాకిగుండులాంటి ముక్కున్న 'అక్బర్' ఉంది. హిందీ సినిమాల్లో చాలామంది చూసే ఉంటారు. 1965లో మన చిత్తరంజన్ కార్ఖానాలో తయారైన డబ్ల్యూపీ రకం ఇంజిన్ అది. ఒకప్పుడు మన మెయిళ్లనూ ఎక్స్‌ప్రెస్‌లనూ లాగింది ఆ జాతే.

వీటిని నడిపించడం తెలిసినవాళ్లు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. పొయ్యిలో బొగ్గు ఎక్కడ పలచగా వేయాలో, ఎక్కడ దట్టంగా వేయాలో పుస్తకం చదివితే రాదు. పెద్ద ఫైర్‌మన్ పక్కన నిలబడి చిన్న ఫైర్‌మన్ నేర్చుకోవాల్సిన విద్య అది. ఇంజిన్‌ను షెడ్డులో దాచొచ్చు. ఆ విద్యను దాచాలంటే మనిషి కావాలి.

మీ ఇంట్లోనో వీధిలోనో పాత రైల్వే తాతయ్య ఉంటే ఓసారి పిల్లల్ని ఆయన దగ్గర కూర్చోబెట్టండి. 'ఎంపైర్ ఆఫ్ ఇండియా' ఎలాగూ తిరిగిరాదు. ఆయన చెప్పే కబుర్లు మాత్రం ఇంకా చేతికందే దూరంలోనే ఉన్నాయి.